మెడికల్ బోర్డు గదిలో "ఠీక్ హై సాబ్" అనకండి

2020 జనవరిలో, ఫౌజు నుంచి డిశ్చార్జి అయ్యే ముందు, నా రిలీజ్ మెడికల్ బోర్డు జరిగింది. ఏ జబ్బు ఉందో, ఎంత ఉందో డాక్టర్లు చూసి తేల్చే బోర్డు అది. పొద్దున్న ఏడింటికే వెళ్ళి హాస్పిటల్ వరండాలో బెంచీ మీద కూర్చున్నాం, తొమ్మిది మందిమి. నా వంతు వచ్చేసరికి పదకొండున్నర. లోపలికెళ్ళి అటెన్షన్‌లో నిలబడ్డాను. ప్రెసిడెంట్ సాబ్ ఫైలు తిరగేస్తూ, "ఔర్ హవల్దార్, సబ్ ఠీక్?" అన్నారు. "ఠీక్ హై సాబ్" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదది. ఇరవై నాలుగేళ్ళు పొద్దున పీటీలోనూ సాయంత్రం రోల్ కాల్‌లోనూ అనీ అనీ నోటికి అలవాటైపోయింది. అప్పటికి రెండేళ్ళుగా నా ఎడమ చెవిలో రాత్రీ పగలూ కీచురాయి కూస్తోంది. మా ఆవిడ వంటింట్లోంచి పిలిస్తే వినపడదు. ఆ సంగతి ఏ కాగితం మీదా లేదు, నేనూ చెప్పలేదు. నాలుగు నిమిషాల్లో బయటికొచ్చి, పని అయిపోయిందని క్యాంటీన్‌లో టీ తాగాను.

నేను ఆర్టిలరీలో (ఫిరంగి దళం), మీడియం రెజిమెంట్‌లో చేశాను. గోల్కొండ సెంటర్‌లో ట్రైనింగ్. సొంతూరు శ్రీకాకుళం జిల్లాలో. మా వైపు ఇంటికొకడు కాకపోయినా వీధికి ఇద్దరు ఫౌజులో ఉంటారు. నాకు తగిలిన దెబ్బ తర్వాత, పెన్షన్ కాగితాలు చదవడం నేర్చుకున్నాను. ఇప్పుడు మా చుట్టుపక్కల కుర్రాళ్ళు బోర్డుకి వెళ్ళే ముందు ఒకసారి మా ఇంటికొచ్చి వెళ్తున్నారు. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, వకీలునీ కాదు. పోగొట్టుకుని నేర్చుకున్నవాణ్ణి, అంతే.

ముందు ఆ గదిలో ఏం తేలుస్తారో తెలుసుకోండి

డిశ్చార్జి అయ్యేటప్పుడు అందరికీ మెడికల్ ఉంటుంది. షేప్ అంటే ఫౌజులో ఫిట్‌నెస్ కొలత, 1 అంటే పూర్తి ఫిట్. షేప్-1లో ఉన్నవాడికి మామూలు పరీక్ష చేసి ఏ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్-18 ఫారం నింపి పంపేస్తారు. జబ్బు వల్లో దెబ్బ వల్లో ఫిట్‌నెస్ తగ్గి "లో మెడికల్ కేటగిరీ"లో ఉన్నవాడికి మాత్రం బోర్డు కూర్చుంటుంది. ముగ్గురు డాక్టర్లు, ఒకరు ప్రెసిడెంట్. ఆ ఫారం నంబరు 16. డిసెబిలిటీ పెన్షన్ కథంతా ఆ పదహారులోనే ఉంటుంది.

అంటే లో కేటగిరీ కావడానికి భయపడి, ఉన్న జబ్బు దాచి, షేప్-1గా బయటికి వచ్చినవాడికి ఆ బోర్డే ఉండదు. ఎందుకు దాస్తారో నాకూ తెలుసు. కేటగిరీ పడితే ప్రమోషన్ ఆగుతుంది, ఎక్స్‌టెన్షన్ రాదు, కోర్సు పోతుంది. నా చెవి సంగతి నేను దాచిందీ నాయబ్ సుబేదార్ ప్రమోషన్ ఆశతోనే. ఆ స్టార్ రాలేదు, చెవీ పోయింది.

బోర్డు తేల్చేవి మూడు. ఒకటి, మీకున్న జబ్బు ఏమిటి. రెండు, అది సర్వీసు వల్ల వచ్చిందా, లేక సర్వీసు వల్ల ముదిరిందా. మూడు, ఎంత శాతం. మనవాళ్ళందరి కళ్ళూ మూడోదాని మీదే ఉంటాయి. "నాకు ముప్ఫై శాతం ఇచ్చారన్నా" అని సంబరంగా ఫోన్ చేస్తారు. రెండో ప్రశ్నకి జవాబు "కాదు" అని ఉంటే ఆ ముప్ఫైకి విలువ సున్నా. సర్వీసు వల్ల రానూ లేదు, ముదరనూ లేదు అని రాస్తే దాన్ని పొడి అక్షరాల్లో నానా అంటారు. మన నానా అవస్థలూ మొదలయ్యేది అక్కణ్ణుంచే. నా బీపీకి 30 శాతం ఇచ్చి పక్కన నానా కొట్టారు. ఒక్క రూపాయి రాలేదు.

శాతం లెక్క కూడా చెప్తాను. 20 శాతం కంటే తక్కువైతే డిసెబిలిటీ ఎలిమెంట్ (పెన్షన్‌లో జబ్బు కోసం కలిపే భాగం) రాదు. నూటికి నూరు శాతం ఉన్నవాడికి ఆఖరి జీతంలో 30 శాతం. 50,000 జీతం లెక్కలోకి వస్తే నూరు శాతానికి 15,000, ఇరవై శాతానికి 3,000, దాని మీద డీఆర్ (కరువు భత్యం). రౌండింగ్ అని ఇంకోటి ఉంది, 2001 జనవరి 31 నాటి రక్షణ శాఖ లెటర్‌లోది. యాభై లోపు ఉంటే యాభైగా, యాభై నుంచి డెబ్భై ఐదు వరకు డెబ్భై ఐదుగా, ఆ పైన నూరుగా లెక్కిస్తారు. మొదట ఇన్వాలిడ్ చేసి, అంటే జబ్బు వల్ల సర్వీసు మధ్యలోనే, ఇంటికి పంపినవాళ్ళకే ఇచ్చేవారు. మామూలుగా రిటైరైనవాళ్ళకీ వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా అది అందరికీ దానంతట అదే రాలేదు. చాలామంది సైనికుల కేసులు చూసే ట్రిబ్యునల్ దాకా వెళ్ళి తెచ్చుకున్నారు.

ఇదంతా నా బ్యాచ్ వాళ్ళ లెక్క. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్ వచ్చాయి. ఆ తర్వాత బయటికొచ్చేవాళ్ళ విషయంలో ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అనే కొత్త మాట వచ్చింది. అందుకని నాలాంటి పాత హవల్దార్ చెప్పిన అంకెలు పట్టుకుని వెళ్ళకండి. మీ డిశ్చార్జి తారీఖుకి ఏ రూల్స్ వర్తిస్తాయో యూనిట్ హెడ్ క్లర్క్‌నీ రికార్డ్ ఆఫీసునీ అడగండి. రూల్స్ మారినా, బోర్డు ముందుకు వెళ్ళే పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు.

బోర్డు చదివేది కాగితాన్ని

నా మోకాలు సంగతి చెప్తాను. 2011 డిసెంబరు, సిక్కిం. రాత్రి పూట బండిలోంచి మందుగుండు దింపుతున్నాం. ఒక్కో షెల్ నలభై కిలోల పైమాటే. కింద మంచు గడ్డకట్టి అద్దంలా ఉంది. కాలు జారి మోకాలు మెలిపడింది. యూనిట్ ఎం.ఐ. రూమ్‌లో (చిన్న దవాఖానా) కట్టు కట్టారు, తర్వాత హాస్పిటల్లో పద్దెనిమిది రోజులు పడుకున్నాను. డ్యూటీలో తగిలిన దెబ్బ, పది మంది చూశారు, ఇంకేం రుజువు కావాలి అనుకున్నాను. ఎనిమిదేళ్ళ తర్వాత బోర్డు అడిగింది ఆ పది మందిని కాదు, ఇంజురీ రిపోర్టుని. నా ఫైల్లో అది లేదు. యూనిట్ అప్పటికి మూడు చోట్లకి మారింది. "గాయం డ్యూటీలో తగిలినట్టు ఆధారం లేదు" అని రాసి మోకాలికీ నానా ఇచ్చారు.

కాబట్టి దెబ్బ తగిలిన వారం లోపే చూసుకోవాల్సింది ఇది. ఐ.ఏ.ఎఫ్.వై-2006 అని ఇంజురీ రిపోర్టు ఫారం ఉంటుంది. ఎక్కడ, ఏ టైముకి, ఏ పని చేస్తుండగా తగిలిందో అందులో ఉంటుంది. డ్యూటీలోనా కాదా అన్నది కమాండింగ్ ఆఫీసర్ రాసి సంతకం పెడతారు. దెబ్బ పెద్దదైతే కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ జరుగుతుంది. ఆ రెండింటి ఫొటో మీ ఫోన్లో ఉండాలి, జెరాక్సు మీ ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉండాలి. యూనిట్ రికార్డులో ఉంది కదా అని వదిలేయకండి. యూనిట్ కదిలినప్పుడల్లా ట్రంకులూ కదులుతాయి, కాగితాలు ఎక్కడో ఒకచోట జారిపోతాయి.

గేమ్స్‌లో తగిలిన దెబ్బ లెక్కలోకి రాదేమో అని చాలామంది అడగనే అడగరు. యూనిట్ పెట్టించిన వాలీబాల్ మ్యాచ్‌లో, పీటీలో, బీపీఈటీ (ఫిట్‌నెస్ పరీక్ష) పరుగులో తగిలితే అది డ్యూటీయే. ఆదివారం ఊళ్ళో బైక్ మీంచి పడితే మాత్రం కష్టం. సెలవు మీద ఇంటికి బయలుదేరినప్పుడో, తిరిగి యూనిట్‌కి వస్తున్నప్పుడో దారిలో తగిలితే అది వేరే కథ, అడగొచ్చు. రైలు టికెట్టు, రైల్వే వారెంటు, లీవ్ సర్టిఫికెట్ పారేయకండి.

జబ్బులకైతే ఇంజురీ రిపోర్టు ఉండదు. అక్కడ చూసేది మొదలైన తారీఖు, మొదలైన చోటు. చోటంటే ఫీల్డా (సరిహద్దు, ఆపరేషన్ ప్రాంతం), పీసా (మామూలు కంటోన్మెంటు) అని. "పీస్ స్టేషన్‌లో మొదలైంది, కాబట్టి సర్వీసుతో సంబంధం లేదు" అని బోర్డు కాగితాల్లో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నాది అంతే. లద్దాఖ్‌లోని లేలో రెండేళ్ళు ఉండి, దిగి ఝాన్సీ దగ్గర బబీనాకి వచ్చిన నాలుగో నెలలో బీపీ బయటపడింది. బబీనా పీస్ కదా. లేలో తలనొప్పి వచ్చినప్పుడల్లా ఒక మాత్ర వేసుకుని పడుకున్నాను, సిక్ రిపోర్టుకి ఒక్కసారీ వెళ్ళలేదు. వెళ్ళుంటే ఆ తారీఖు పడేది.

అందుకే కుర్రాళ్ళకి మొదట చేయించేది ఒక నోట్‌బుక్ కొనిపించడం. చేరిన రోజు నుంచి ఎక్కడెక్కడ ఉన్నారో వరసగా రాయాలి. చోటు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఫీల్డా పీసా, అక్కడ చేసిన పని. దాని పక్కన ఎప్పుడెప్పుడు హాస్పిటల్లో అడ్మిట్ అయ్యారు, ఏ కేటగిరీ పడింది, ఎన్ని వారాలు, ఎప్పుడు పర్మనెంట్ అయింది. అడ్మిషన్లు, కేటగిరీలు, మన సర్వీసు వివరాలు నమోదు చేసే పార్ట్-2 ఆర్డర్‌లో ప్రచురిస్తారు. ఆ ఆర్డర్ నంబరు, తారీఖు రాసుకుంటే ఎప్పటికైనా రికార్డ్ ఆఫీసులో వెతికించొచ్చు. నా ఇంజురీ రిపోర్టు చివరికి దొరికింది అలాగే. అప్పటి మా బ్యాటరీ (రెజిమెంట్‌లో ఒక భాగం) క్లర్క్, ఒడిశా అతను, పాత డైరీలో నంబరు రాసుకున్నాడు. నాకంటే అతనికే ముందుచూపు ఎక్కువ.

గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఇంకో కాగితం మర్చిపోకూడదు. నొప్పి వచ్చిన రోజుకి ముందు పద్నాలుగు రోజులు ఏ డ్యూటీలు చేశారో యూనిట్ రాసివ్వాలి. వరసగా నైట్ గార్డులు, ఫైరింగ్, బండి మీద వందల కిలోమీటర్లు ఉంటే అవన్నీ అందులో పడాలి. రెండేళ్ళ తర్వాత ఎవరికీ గుర్తుండదు. కాస్త కుదుటపడి మంచం మీద కూర్చోగలిగిన వెంటనే రాయించుకోండి.

సెలవులో ఉండగా సివిల్ హాస్పిటల్లో చూపించుకున్న చీటీలు, స్కానులు, బిల్లులు తిరిగి వెళ్ళగానే ఎం.ఐ. రూమ్‌లో చూపించి మెడికల్ డాక్యుమెంట్లలో చేర్పించండి. బోర్డు రోజున సంచీలోంచి తీస్తే, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయి?" అంటారు. అనడంలో తప్పూ లేదు.

సంతకం పెట్టే ముందు పర్సనల్ స్టేట్‌మెంట్ చదవండి

పదహారో ఫారంలో మొదటి భాగం మీ మాటలే. ఎక్కడెక్కడ చేశారు, జబ్బు ఎప్పుడు మొదలైంది, గాయమైతే ఎలా తగిలింది, ఇంజురీ రిపోర్టు ఇచ్చారా, చేరకముందు ఇది ఉందా, సర్వీసులో ఏ సంఘటన వల్ల వచ్చిందని మీరు అనుకుంటున్నారు, ఇంకేమైనా చెప్పాలా. జరిగేదేమిటంటే, క్లర్క్ గబగబా నింపేస్తాడు, మనం చివర సంతకం పెడతాం. వాడికి రోజుకి పది ఫారాలు. "ఏ సంఘటన వల్ల" అన్న గడి ఖాళీగానో, "నిల్" అనో పోతుంది. అన్నిటికంటే విలువైన గడి అదే. మోకాలిదైతే ఫలానా తారీఖు, ఫలానా చోట మందుగుండు దింపుతూ జారాను అని రాయించాలి. చెవిదైతే ఎన్నేళ్ళు గన్ డిటాచ్‌మెంట్‌లో ఉన్నారో, ఏ గన్నులో, ఏటా ఎక్కడ ఫైరింగ్ చేశారో రాయించాలి.

చేరకముందు ఉందా అన్న గడి దగ్గర నిజమే చెప్పాలి, కానీ సరిగ్గా చెప్పాలి. పక్క ఊరి కుర్రాడొకడు చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడ్డానని చెప్పాడు. ఆ పడటంలో విరిగింది మణికట్టు, అది ఎనిమిదో తరగతిలోనే అతుక్కుంది. ఇప్పుడు బోర్డు ముందుకొచ్చింది భుజం. క్లర్క్ "యస్" అని ఒక్క మాట రాశాడు, వాడు సంతకం పెట్టాడు. భుజం చిన్నప్పటి నుంచే బాగోలేదని అర్థం వచ్చేసింది. "మణికట్టు విరిగి నయమైంది, భుజానికి చేరేనాటికి ఏ బాధా లేదు" అని పూర్తి వాక్యం రాయిస్తే సరిపోయేది.

భర్తీ నాడు మనల్ని బట్టలిప్పించి, తల నుంచి అరికాలు దాకా చూసి, ఫిట్ అని రాసే తీసుకున్నారు. ఆ కాగితం మీద జబ్బు ఊసు లేకపోతే, మనం ఆరోగ్యంగానే చేరామని లెక్క. తర్వాత వచ్చినదానికి సర్వీసుతో సంబంధం లేదని అనాలంటే ఆ రుజువు సర్కారే చూపించాలి, బోర్డు కారణాలు రాయాలి. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఆయనకి మూర్ఛ జబ్బు. ఈ పేరు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. బోర్డు గదిలో చదివి వినిపించడానికి కాదు, అప్పీలులో పనికొస్తుంది. గదిలో లా పాయింట్లు మాట్లాడితే పని చెడుతుంది.

ఆపరేషన్ వద్దని రాసివ్వమంటే కూడా ఆగి ఆలోచించండి. డాక్టర్ ఆపరేషన్ చెయ్యాలంటే భయపడి "అన్‌విల్లింగ్" అని సంతకం పెట్టినవాళ్ళని చూశాను. సరైన కారణం లేకుండా చికిత్స వద్దన్నాడని తేలితే శాతం తగ్గించే వీలుంది. వద్దనుకుంటే ఎందుకు వద్దనుకుంటున్నారో కూడా రాయండి.

మన భాషలో ఇరవై బాధలు, హిందీలో ఒక్కటే

కుర్రాళ్ళు వచ్చినప్పుడు నేను ఎక్కువసేపు కూర్చోబెట్టేది ఇక్కడే. తెలుగులో మనకి నొప్పి వేరు, పోటు వేరు, సలుపు వేరు. తిమ్మిరెక్కడం, మొద్దుబారడం, పట్టేయడం, లాగడం, జివ్వుమనడం, మంట, కళ్ళు తిరగడం... అమ్మ దగ్గర చెప్పుకున్నప్పుడు ఇవన్నీ విడివిడిగా చెప్తాం. డాక్టర్ సాబ్ ముందు నిలబడితే మనకి గుర్తొచ్చేది "దర్ద్ హై సాబ్" ఒక్కటే. ఆయన నొప్పి అని రాసుకుంటారు. డాక్టర్‌కి మాత్రం నొప్పికీ మొద్దుబారడానికీ చాలా తేడా ఉంది.

నడుము డిస్కు ఉన్న కుర్రాడొకడు నాలుగేళ్ళు దర్ద్, దర్ద్ అంటూ తిరిగాడు. నొప్పి బిళ్ళలు, అటెండ్-సి (డ్యూటీ లేకుండా విశ్రాంతి), పడక. మా అరుగు మీద తెలుగులో చెప్పమంటే, "ఎడమ పాదం బొటనవేలు వైపు చెప్పు ఊడిపోయినా తెలియదన్నా" అన్నాడు. ఆ మాట ఎప్పుడూ డాక్టర్‌కి చెప్పలేదు. రివ్యూకి వెళ్ళినప్పుడు "పాంవ్ సున్న్ రహతా హై సాబ్, చప్పల్ నికల్ జాతీ హై, పతా నహీఁ చల్తా" అని బట్టీ పట్టించి పంపాను. డాక్టర్ అప్పుడే గుండుసూదితో గుచ్చి చూశారట, మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి చూశారట, ఎమ్మారై రాశారట.

కాబట్టి మీ బాధని ముందు తెలుగులో, ఇంట్లో చెప్పుకున్నట్టే కాగితం మీద పెట్టండి. తర్వాత హిందీ బాగా వచ్చినవాణ్ణి కూర్చోబెట్టుకుని మార్చుకోండి. మొద్దుబారితే సున్న్, తిమ్మిరైతే ఝన్‌ఝనాహట్, పట్టేస్తే జకడన్ లేదా అకడన్, కళ్ళు తిరిగితే చక్కర్. చెవిలో కూత ఉంటే కాన్ మేఁ సీటీ బజ్‌తీ హై. ఇంగ్లీషు వస్తే ఇంగ్లీషే నయం.

బాధ పేరు చెప్పి ఆగొద్దు. దానివల్ల ఏ పని ఆగిపోయిందో చెప్పండి. "మోకాలు నొప్పి" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "రెండో అంతస్తు ఎక్కాలంటే మధ్యలో ఒకసారి రెయిలింగ్ పట్టుకుని ఆగుతాను. కింద కూర్చుంటే చేత్తో నేల అదిమి లేవాలి. వారంలో రెండు రాత్రులు నిద్ర మధ్యలో లేస్తాను" అంటే డాక్టర్‌కి రాసుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఉన్నదానికంటే పెంచి చెప్పకండి. వాళ్ళు రోజూ వంద మోకాళ్ళు చూస్తారు. గదిలో కుంటి, గేటు బయట పరిగెత్తి బస్సెక్కితే వరండాలో నర్సింగ్ అసిస్టెంటు చూస్తూనే ఉంటాడు. ఒకసారి నాటకం అనుకున్నారంటే నిజం బాధ కూడా నాటకమైపోతుంది.

మందు మానేసి వెళ్ళే తెలివి కూడా వద్దు. బీపీ ఎక్కువ చూపించాలని మూడు రోజులు మాత్ర ఆపి, బోర్డు రోజు పొద్దున బాత్‌రూమ్‌లో పడిపోయినవాడు మా బ్యాచ్‌లోనే ఉన్నాడు. మాత్ర వేసుకునే వెళ్ళండి, ఆ మాత్ర చీటీ తీసుకెళ్ళండి. రోజూ వాడే మోకాలి పట్టీ, కళ్ళద్దాలు, కర్ర ఏదైనా ఉంటే పెట్టుకునే వెళ్ళండి, స్మార్ట్‌గా కనపడాలని గదిలో విప్పకండి. ఇన్‌స్పెక్షన్ పరేడ్ కాదది.

చెవి పరీక్ష ఉంటే రెండు మూడు రోజుల ముందు ఎం.ఐ. రూమ్‌లో గులిమి తీయించుకోండి. గులిమి ఉంటే పరీక్ష సరిగా రాదు, మళ్ళీ రమ్మంటారు. ఫైరింగ్ రేంజి నుంచి నేరుగా వెళ్ళకండి, ఆ హోరు చెవిలో ఉండగా తీసిన లెక్క నిలవదు. పరీక్షలో రెండు రకాలు. దూరంగా నిలబెట్టి వెనక నుంచి మామూలు గొంతుతో ఒకసారి, గుసగుసగా ఒకసారి మాటలు చెప్పి ఎన్ని సెంటీమీటర్ల నుంచి వినపడుతోందో రాస్తారు. రెండోది హెడ్‌ఫోన్ పెట్టి మోత వినపడినప్పుడల్లా బటన్ నొక్కించేది, ఆడియోమెట్రీ. గుసగుస పరీక్షలో మనవాళ్ళు పరువు కోసం ఊహించి చెప్పేస్తారు. వినపడకపోతే వినపడలేదనే చెప్పాలి. నేను ప్రతి ఏటా ఊహించే పాసయ్యాను.

మనసుకి సంబంధించినదైతే మగాడు నోరు విప్పడం ఇంకా కష్టం. నిద్ర పట్టదు, చిన్న చప్పుడికి ఉలిక్కిపడతాడు, పిల్లల మీద చెయ్యి ఎత్తుతాడు, తాగుతాడు. ఊళ్ళో పిచ్చి అంటారని భయం, యూనిట్‌లో చేతికి రైఫిల్ ఇవ్వరని భయం. షేప్‌లో మొదటి అక్షరం ఎస్ అంటే అదే. అది కూడా కాలూ చెయ్యీ లాంటిదే అన్నట్టు సైకియాట్రిస్ట్ దగ్గర చెప్పండి. మీకు తెలియనివి మీ ఆవిడకి తెలుస్తాయి. రాత్రి ఎన్నిసార్లు లేస్తారో, నిద్రలో ఏం అరుస్తారో ఆవిణ్ణి అడిగి రాసుకోండి. బోర్డు దాకా ఆగొద్దు, ఇది పెన్షన్ కోసం మాత్రమే చెప్పాల్సిన సంగతి కాదు.

బయటికి వచ్చాక

టీకి వెళ్ళకండి. ముందు బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ అడగండి. వెంటనే ఇవ్వకపోతే, పై అధికారుల ఆమోదం అయ్యాక ఇస్తారేమో కనుక్కోండి. అప్పటికీ రాకపోతే రికార్డ్ ఆఫీసుకి ఆర్టీఐ పెట్టండి. పది రూపాయల ఫీజు, ముప్ఫై రోజుల గడువు. కాపీ వచ్చాక శాతం కంటే ముందు కారణాల గడి చదవండి. ఒకటి కంటే ఎక్కువ జబ్బులు ఉంటే శాతాలు కూడుకోకండి. ముప్ఫై, ఇరవై కలిస్తే యాభై అవదు, కలిపి వేరే లెక్క వేస్తారు.

క్లెయిమ్ కొట్టేస్తూ లెటర్ వస్తే ఆ కవరు కూడా దాచండి. తారీఖు ముఖ్యం. మొదటి అప్పీలుకి ఆరు నెలలు. అది పోతే రెండో అప్పీలు. అదీ పోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్, మన రెండు రాష్ట్రాలకీ చెన్నై బెంచి. అప్పీలు మీరే రాసుకోవచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సాయం చేస్తారు, ఫీజు ఉండదు. "ఇరవై వేలు ఇవ్వండి, యాభై శాతం ఇప్పిస్తా" అని ఫోన్ చేసేవాళ్ళని నమ్మకండి. అప్పీలులో కోపం రాయొద్దు. బోర్డు ఏ కారణం రాసిందో అది ఎత్తి రాసి, దాని కింద మీ కాగితం నంబరు, తారీఖు పెట్టండి. "పీస్ స్టేషన్‌లో మొదలైంది" అంటే, దానికి ముందు ఫీల్డ్‌లో ఎన్ని నెలలు ఉన్నారో రాయండి.

నా మొదటి అప్పీలు కొట్టేశారు. రెండో అప్పీలులో ఆ ఒడిశా క్లర్క్ ఇచ్చిన నంబరుతో ఇంజురీ రిపోర్టు పెట్టాక మోకాలు సర్వీసు వల్లే అని ఒప్పుకున్నారు, 20 శాతం. బీపీ ఇంకా తేలలేదు. చెవికి అప్పీలు చేసుకోవడానికి కూడా వీల్లేకపోయింది. అప్పీలులో తిరగదోడాలంటే ముందు బోర్డు దాన్ని చూసి ఉండాలి కదా. నా పదహారో ఫారంలో హియరింగ్ దగ్గర రెండు చెవులకీ నార్మల్ అనే ఉంది, కింద నా సంతకం.

వచ్చే నెల మా మేనల్లుడి బోర్డు. ఇప్పటికి రెండుసార్లు వచ్చి నోట్‌బుక్ చూపించి వెళ్ళాడు, మూడోసారి రమ్మన్నాను, జకడన్ దగ్గర ఇంకా తడబడుతున్నాడు. మీలో ఎవరైనా కాగితాలు పట్టుకుని వస్తే, అరుగు మీద నాకు కుడివైపు కూర్చోండి.